'పల్లెటూరి పిల్లగాడా'.. పసులకాపరి గోసను ఊరూరికీ వినిపించిన సుద్దాల హనుమంతు

'ఫిదా'లో 'వచ్చిండే', 'ఆర్‌ఆర్‌ఆర్'లో 'కొమురం భీముడో'.. ఈ రెండు పాటలు ఫోన్‌లో ఎన్నిసార్లు చూసుంటారో లెక్కే ఉండదు. రాసింది సుద్దాల అశోక్ తేజ. మరి ఆయన తండ్రి రాసిన పాట తెలుసా? టీవీ కాదు కదా, రేడియో కూడా లేని పల్లెల్లో అది ఒక నోటి నుంచి మరో నోటికి పాకింది. అదే 'పల్లెటూరి పిల్లగాడా'. రాసింది సుద్దాల హనుమంతు.

ఎవరీ హనుమంతు?

1910 ప్రాంతంలో ఉమ్మడి నల్గొండ జిల్లా మోత్కూరు దగ్గరి పాలడుగులో, పద్మశాలి కుటుంబంలో పుట్టారు. తర్వాత సుద్దాలలో స్థిరపడ్డారు. చివరికి ఆ ఊరి పేరే ఇంటిపేరైంది. చిన్నప్పటి నుంచి పాటలన్నా, యక్షగానాలన్నా ప్రాణం.

అది నిజాం పాలన. ఊళ్లలో దొరల రాజ్యం. అటు భువనగిరి నుంచి ఇటు నకిరేకల్, కేతేపల్లి, సూర్యాపేట దాకా వెట్టిచాకిరి మాట తెలియని పల్లె లేదు. అప్పు తీర్చలేని ఇంట్లో పిల్లాడిని జీతానికి పెట్టేవాళ్లు. పలక పట్టాల్సిన చేతికి పసుల కర్ర వచ్చేది.

1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడి నుంచి ఉద్యమం పల్లెబాట పట్టింది. హనుమంతు కూడా అందులోకి దిగారు. ఆయన చేతిలో ఉన్నది పాట.

పాత బాణీ.. కొత్త మాట

చదువు రాని జనానికి కరపత్రం ఇస్తే ఏం లాభం? అందుకే ఊరికి ముందే తెలిసిన గొల్లసుద్దుల్ని పట్టుకున్నారు హనుమంతు. భుజాన గొంగడి, చేతిలో కర్ర.. వేషం పాతదే. చెప్పే కథ మాత్రం కొత్తది. దొర దౌర్జన్యం, వెట్టి, సంఘం.. అన్నీ అందులోకి వచ్చేశాయి. బుర్రకథ, యక్షగానాన్నీ అలాగే వాడుకున్నారు.

'పల్లెటూరి పిల్లగాడా' మాత్రం వీటన్నిటికంటే భిన్నం. ఇందులో నినాదం లేదు. పసులు కాసే పసివాడిని ఆపి, నీ పరిస్థితి ఏంటి బిడ్డా అని అడిగినట్టు ఉంటుంది. వినే ప్రతి తల్లికీ తన కొడుకే కనిపిస్తాడు. ఆ పాట బలం అదే.

సరిగ్గా అదే కాలంలో అమెరికాలో ఊడీ గత్రీ అనే గాయకుడు గిటార్ పట్టుకుని వలస కూలీల బతుకులు పాడాడు. ఆయన కూడా జనానికి తెలిసిన పాత బాణీలకే కొత్త మాటలు కట్టేవాడు. ఆయన్ని చూసే బాబ్ డిలాన్ పాట నేర్చుకున్నాడు. 2016లో డిలాన్‌కు నోబెల్ కూడా వచ్చింది. ఒకరికొకరు తెలియకపోయినా గత్రీ, హనుమంతు పట్టుకున్న దారి ఒక్కటే.

తెరపైకి ఎక్కిన వేళ

సాయుధ పోరాటం 1951లో ఆగింది. పాట ఆగలేదు. 1980లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాలో మళ్లీ మోగింది. గద్దర్ పాడిన బండి యాదగిరి పాట 'బండెనక బండి కట్టి' కూడా ఈ సినిమాలోదే. పల్లెలో పుట్టిన రెండు పాటలు ఒకే సినిమాతో పట్నం జనానికీ చేరాయి.

ఆ తర్వాత రెండేళ్లకే, 1982లో హనుమంతు కన్నుమూశారు.

దేశంలో వెట్టిచాకిరిని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. నల్గొండ పల్లెల్లో ఆ పసివాడి తరఫున హనుమంతు పాట అడిగింది మాత్రం అంతకు దాదాపు మూడు దశాబ్దాల ముందే. పాట తెలిసిన చాలామందికి ఇప్పటికీ రాసిన మనిషి పేరు తెలియదు. ఈసారి 'పల్లెటూరి పిల్లగాడా' వింటే, ఆ పేరు కూడా ఒకసారి తలుచుకోండి.. సుద్దాల హనుమంతు.