స్వరములకు గీతలు గీచిన గ్విడో

ఇటలీ దేశపు తూర్పు తీరమున, ఫెరారా నగరమునకు కొంత దూరమున పొంపోసా అను క్రైస్తవ మఠముండెను. పదకొండవ శతాబ్దపు తొలి దశకములలో గ్విడో అను సన్యాసి అచ్చట బాలురకు ప్రార్థనాగీతములు నేర్పుచుండెను.

ఆ గీతములు వందలకొలది. తొమ్మిదవ శతాబ్దము నుండియు పదములపై చిన్న గుర్తులు వ్రాయు వాడుక కలదు. కాని కంఠము పైకి పోవలెనా, క్రిందికి దిగవలెనా అన్నదే చాలవరకు వాని వలన తెలియును. ఎంత అన్నది తెలియదు. పాట ముందే వచ్చినవానికి గాని అవి పనికిరావు. పదేండ్లు వల్లించినను వినని గీతమును స్వయముగా పాడజాలని శిష్యులను చూచి గ్విడో నొచ్చుకొనెను.

గీతలు గీచుట అతనికి పూర్వమును లేకపోలేదు. అతడు ప్రతి గీతకును, గీతల నడిమి చోటునకును ఒక్కొక్క స్వరస్థానమును స్థిరపరచెను. ఒక గీతను ఎర్రగాను, మరియొకదానిని పసుపుపచ్చగాను గీచెను. గాయకుడు తడబడు అర్ధాంతరములు ఆ రెంటికిని దిగువనే యుండును. ఈ విధమున ఒకటి రెండేండ్లలో గాయకుడు సిద్ధుడగునని అతని లెక్క.

తోటి సన్యాసులు సంతోషింపలేదు. తాము పదేండ్లు శ్రమించి గడించిన విద్య పసివాండ్రకు ఏడాదిలో అబ్బుట సహింపరానిదే కదా! గ్విడో మఠము విడువవలసి వచ్చెను.

సుమారు 1025లో అరెజ్జో బిషప్పు థియోడాల్డు అతనికి ఆశ్రయమిచ్చెను. తన సంగీతశాస్త్ర గ్రంథమగు మైక్రోలోగస్‌ను గ్విడో ఆయనకే అంకితమొనర్చెను. సుమారు 1028లో పందొమ్మిదవ జాన్ పోపు అతనిని రోమునకు పిలిపించెను. గ్విడో లిఖించిన పుస్తకమును తిరగవేసి, తానెన్నడును వినని చరణమొకటి పాడి చూచిన గాని పోపు ఆసనము నుండి కదలలేదట. అయితే రోము వేసవి, అచ్చటి చిత్తడి గాలి గ్విడోకు పడలేదు. జబ్బుపడి సెలవు తీసుకొనెను. ఆ నగరముననే పొంపోసా మఠాధిపతి ఆ స్వరలిపిని చూచి, వెనుకటి అపోహకు పశ్చాత్తాపపడి, మరల రమ్మని కోరెను. ఆయన పేరును గ్విడోయే!

ఈ సంగతులన్నియు అతడు తన మిత్రుడు మైకేలునకు వ్రాసిన లేఖలో కలవు. వారిరువురును ఆ అసూయకు గురియైనవారే. స్వరములకు పేర్లు కుదిరిన వైనమును ఆ లేఖలోనిదే. స్నాపకుడైన యోహాను స్తోత్రమున ఆరు పాదఖండములు వరుసగా ఒక్కొక్క స్వరము హెచ్చుగా మొదలగును. వాని తొలి అక్షరములే ఉత్, రే, మీ, ఫా, సోల్, లా. మన సరిగమలు అంతకు ఎన్నియో శతాబ్దములు పెద్దవి; కుడుమియాన్‌మలై శిలపై స్వరాక్షరములు అప్పటికే చెక్కబడియుండెను. ఐరోపాకు మాత్రము ఇది క్రొత్త.

ఉత్ అను పలుకు గానమునకు అనువుగా లేదని తరువాతివారు దానిని దో గా మార్చిరి. తక్కిన ఐదింటిని ఇటలీ పిల్లలు నేటికిని అట్లే పాడుచున్నారు.