సవర బిడ్డకు సవరలోనే అక్షరం
సొంత సంపాదనతో కొండల్లో బడులు నడిపిన గిడుగు రామమూర్తి

శ్రీకాకుళం: గిడుగు వేంకట రామమూర్తి పంతులు పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమమే ఎవరికైనా గుర్తుకు వస్తుంది. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన విగ్రహానికి పూలమాల వేసే చేతులు చాలానే ఉన్నాయి. అయితే ఆ ఉద్యమానికి ఎన్నో ఏళ్ల ముందే ఆయన మరో పని తలకెత్తుకున్నారు. సర్కారు చదువు చేరని సవర గూడేల్లో సొంత డబ్బుతో బడులు తెరిచి, పంతుళ్లకు జీతాలిచ్చి, అక్కడి పిల్లలకు వారి భాషలోనే పాఠాలు చెప్పించారు. సభల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో ముగిసిపోతుంటుంది.

శ్రీముఖలింగం సమీపాన వంశధార ఒడ్డునున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న రామమూర్తి జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. పర్లాకిమిడి సంస్థానంలో ఉద్యోగం చేసిన వీర్రాజు చోడవరం బదిలీపై వెళ్లి, అక్కడే 1875లో విషజ్వరంతో మరణించారు. పన్నెండేళ్ల వయసుకే తండ్రి నీడ కోల్పోయిన రామమూర్తి విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. కుటుంబ భారం మీద పడటంతో కళాశాల చదువుకు వెళ్లే వీలు లేకపోయింది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై ఫస్టుఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా కుదిరారు. తర్వాతి పరీక్షలన్నీ ప్రైవేటుగా చదివి ప్యాసైనవే. రాజావారి ఉన్నత పాఠశాల కళాశాలగా ఎదిగినప్పుడు ఆ తరగతులకు పాఠం చెప్పే అర్హతను ఆయన అలాగే సంపాదించారు.

అప్పటి పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా పరిధిలో ఉండేది. ఊరికి ఎగువన ఉన్న కొండలన్నీ సవరల నివాసాలు. పోడు కొట్టి చోళ్లు, కందులు పండించి, ఆ గింజలు సంతకు మోసుకువచ్చే సవరలకు తెలుగు రాదు. సావుకారుకు, అధికారికి సవర రాదు. మధ్యలో దుబాసీ ఏది చెబితే అదే లెక్క. బాకీ ఎంతో, తూకం ఎంతో తెలియని మనిషి కాగితం మీద వేలిముద్ర వేస్తే ఏమవుతుందో ఆ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ దుస్థితిని కళ్లారా చూసిన రామమూర్తి సవరలకు చదువు చెప్పాలని సంకల్పించారు. అందుకు తొలిమెట్టుగా తానే వారి దగ్గర చదువుకున్నారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష నేర్చారు. పంతులుగారు పలకా బలపంతో కొండెక్కకుండా ముందు శిష్యుడిగా మారడం ఆనాటికి విడ్డూరమే.

సవర తెలుగుకు గానీ ఒరియాకు గానీ చుట్టం కాదు. ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందిన భాష. గొంతులో గాలిని చటుక్కున బిగబట్టి పలికే ధ్వనులు అందులో ఉన్నాయి. తెలుగు లిపిలో వాటికి గుర్తులు లేవు. లెక్కింపు తీరు సైతం వేరు. సవరలు పన్నెండు వరకు విడిగా లెక్కించి, పదమూడును పన్నెండూ ఒకటిగా చెబుతారు. ఇరవై దాటాక లెక్క ఇరవైల్లో సాగుతుంది. ముప్పై రెండు అంటే ఇరవై, పన్నెండు. ఇంట్లో ఇలా లెక్కించే పిల్లవాడిని బడిలో కూర్చోబెట్టి తెలుగు ఎక్కం వల్లె వేయిస్తే, నోరు తిరగకపోవడం వాడి మందబుద్ధికి గుర్తుగా కనబడుతుంది. రామమూర్తి పట్టుదలంతా ఇక్కడే ఉంది. లోపం బిడ్డది కాదు, బడిదని ఆయన గ్రహించారు.

సర్కారు సొమ్ము, ప్రైవేటు పెత్తనం

ఆ కాలంలో ప్రభుత్వం తానుగా నడిపే బడులు తక్కువ. 1854లో చార్లెస్ ఉడ్ పంపిన విద్యా తాఖీదుతో గ్రాంటుల పద్ధతి వచ్చింది. మిషనరీలు, జమీందార్లు, స్థానిక పెద్దలు బడి పెడితే ప్రభుత్వం ఖర్చులో కొంత భరిస్తుంది, ఇన్‌స్పెక్టరును పంపి తనిఖీ చేయిస్తుంది. 1882 నాటి హంటర్ కమిషన్ సైతం ప్రైవేటు ప్రయత్నాన్నే ప్రోత్సహించింది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1991లో చట్టం చేసి తెచ్చిన చార్టర్ బడులను నేడు కొత్త ప్రయోగంగా చెప్పుకుంటున్నారు గానీ, ప్రజల సొమ్ముతో బయటివారు బడి నడపడమనే ఏర్పాటు మన ప్రాంతానికి అంతకు 137 ఏళ్ల ముందే పరిచయం.

మద్రాసు రాజధానిలో గ్రాంటును పరీక్షా ఫలితాలకు ముడిపెట్టిన రోజులు కూడా ఉన్నాయి. పిల్లలు ఇన్‌స్పెక్టరు ముందు ఎంత బాగా అప్పజెబితే బడికి అంత డబ్బు. పల్లపు ఊళ్లలో అది ఎలా నడిచినా, పుస్తకమే లేని భాష మాట్లాడే కొండ పిల్లవాడికి ఆ పరీక్ష ఏ మేలు చేయగలదు? లాభం చూసుకునే యాజమాన్యం ఆ కొండ ఎక్కదు. పేరు కోరే జమీందారుకు అక్కడ చప్పట్లు కొట్టేవారుండరు. ఎవరూ రాని ఆ ఖాళీలోకి ఒక మధ్యతరగతి ఉపాధ్యాయుడు అడుగుపెట్టారు.

పుస్తకాలు లేవు కాబట్టి ఆయనే రాశారు. సవర వాచకాలు తయారుచేశారు. కథలు, పాటలు సేకరించారు. తెలుగు–సవర నిఘంటువు కూర్చారు. బడులు తెరిచి, అందులో చెప్పే పంతుళ్లకు తన సంపాదన నుంచే జీతాలు చెల్లించారు. ఆ ఇంటి ఇల్లాలు సంసారం ఎలా నెట్టుకొచ్చారో చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు.

ఈ కృషిని మెచ్చిన మద్రాసు ప్రభుత్వం సవర పుస్తకాలకు పారితోషికం ఇవ్వజూపింది. రామమూర్తి ఆ సొమ్ము తీసుకోలేదు. దానితో సవరలకు ఒక మంచి బడి పెట్టి, వారి భాషలోనే చదువు చెప్పించమని కోరారు. ఇది వట్టి త్యాగబుద్ధిగా చెప్పుకుని ఊరుకుంటే అసలు విషయం జారిపోతుంది. తన బడి తన పేరనే నిలవాలని ఆయన ఆశపడలేదు. ఆ భారం ఖజానా మోయవలసిందేనని తేల్చి చెప్పారు. అయితే షరతు పెట్టారు, పిల్లల భాషను మార్చరాదని. యాజమాన్యం ఎవరిదైనా ఆయనకు అభ్యంతరం లేదు. పాఠం ఎవరి నోటి మాటలో ఉంటుందన్న చోట మాత్రం రాజీ పడలేదు. 1913లో ప్రభుత్వం ఆయనకు రావు సాహెబ్ బిరుదునిచ్చింది.

కొండల్లో తిరిగినందుకు ఆయన చెల్లించిన మూల్యం మరొకటి ఉంది. మన్యంలో పట్టుకున్న మలేరియాకు క్వినైను వాడగా వాడగా చెవుడు వచ్చింది. గొంతులో నొక్కి పలికే సూక్ష్మ ధ్వనులను పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోవడం కంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా పని ఆగలేదు. ఇంగ్లీషులో రాసిన సవర భాషా గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వ ముద్రణలో వెలువడ్డాయి. కుమారుడు సీతాపతి ఈ కృషిలో తండ్రికి తోడు నిలిచారు.

ఇచ్చిన వెసులుబాటు వెనక్కి

కొండల్లో కనుగొన్న సత్యాన్నే రామమూర్తి తర్వాత పల్లానికి తెచ్చారు. 1907లో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ.యేట్సు తెలుగు తరగతులు చూసి ఆశ్చర్యపోయారు. పిల్లలు మాట్లాడేది ఒకటి, పుస్తకంలో ఉన్నది మరొకటి. ఈ తేడాకు కారణం గురజాడ, గిడుగులే చెప్పగలరని విశాఖపట్నం ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాలు పి.టి.శ్రీనివాస అయ్యంగారు సూచించారు. అక్కడి నుంచి రాజుకున్న వివాదం పరీక్షల బోర్డు దాకా వెళ్లింది. 1911లో ఉద్యోగ విరమణ చేసిన రామమూర్తి ఇక పూర్తికాలం దీనికే కేటాయించారు.

1912–13లో స్కూల్ ఫైనల్ వ్యాసరచన కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాయవచ్చని బోర్డు అనుమతించింది. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు తీవ్రంగా ప్రతిఘటించారు. 1915లో ఆ అనుమతి రద్దయింది. ఊరూరా సభలు, పత్రికల్లో వాదోపవాదాలు, 1919లో తెలుగు పేరిట మాసపత్రిక, ఇలా పోరు సాగింది. చెవులు వినబడని వక్త గంటల తరబడి ప్రాచీన గ్రంథాల నుంచే ఉదాహరణలు తీసి పండితులను నిలదీసేవారు. కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆధునిక భాషపై పెట్టిన నిషేధాన్ని 1924లో ఎత్తివేసింది.

ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. కొండ మీద పుస్తకం ఆయనది, పంతులు ఆయన నియమించినవాడు. కనుక భాషను ఆయనే నిర్ణయించగలిగారు. కింద బడులు ఎవరివైనా పరీక్ష బోర్డుది. బోర్డు ఒక్క ఉత్తర్వుతో తలుపు తెరిచింది, మరో ఉత్తర్వుతో మూసింది. ఒక్క మనిషి సంపాదనపై ఆధారపడ్డ బడి ఆ మనిషి ఉన్నన్నాళ్లే నడుస్తుంది. సర్కారు పూచీ ఉన్న బడి నిలుస్తుంది గానీ, పిల్లవాడి మాటను వినిపించుకోదు. రామమూర్తి జీవితమంతా ఈ రెంటి నడుమ నలిగింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అందులో కలిసింది. ఆ కలయిక కోసం కృషిచేసినవారిలో పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి ముఖ్యులు. ఆ సంస్థానపు పాఠశాలలో జీవితం ధారపోసిన రామమూర్తి మాత్రం అక్కడ ఉండలేకపోయారు. 73వ ఏట ఇల్లూ ఊరూ వదులుకుని రాజమహేంద్రవరం చేరారు. సరిహద్దు గీత సవర గూడేల మధ్యనుంచే సాగింది. కొందరు సవరలకు బడి భాష ఒరియా, కొందరికి తెలుగు అయ్యాయి. ఆ 1936లోనే మంగెయ్ గొమాంగో సవరకు ప్రత్యేక లిపిని రూపొందించడం విశేషం.

1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రామమూర్తిని కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1940 జనవరి 22న మద్రాసులో ఆయన కన్నుమూశారు.

గిరిజన పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక బోధనను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ప్రయోగాత్మకంగా చేపట్టింది. 240 బడుల్లో ఎనిమిది భాషలతో మొదలైన ఆ కార్యక్రమంలో కోయ, గోండి, కువి భాషలతో పాటు సవరకూ చోటు లభించింది. సవర వాచకాలను తెలుగు లిపిలో అచ్చువేశారు. రామమూర్తి మరణించి అప్పటికి 64 ఏళ్లు.