మోటారుకారుకు నిప్పురవ్వ నిచ్చిన కెట్టరింగ్

వర్షాకాలపు ఉదయాన పాత అంబాసిడర్ గాని, ఫియట్ గాని కదలక మొరాయించినపుడు అనుభవజ్ఞుడైన మెకానిక్ మొదట విప్పి చూచేది డిస్ట్రిబ్యూటర్ మూత. అందులోని పాయింట్లు, కండెన్సరు, రోటరు, ప్రక్కనే బిగించిన కాయిల్ - ఈ అమరిక కంతటికి మూలపురుషుడు అమెరికా దేశీయుడైన చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగ్.

ఇతడు 1876 ఆగస్టు 29న ఒహాయో రాష్ట్రంలోని లౌడన్‌విల్ సమీపాన ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. బాల్యం నుండి దృష్టిదోషం వెన్నాడింది. కొంతసేపు చదివితే చాలు, భరింపరాని శిరోవేదన. కొంతకాలం బడిపంతులుగా పనిచేశాడు. కళాశాలలో చేరి, కంటిబాధ వలన చదువు మాని, టెలిఫోను స్తంభాలు పాతే ముఠాలో కూలివాడుగా ఎండలో శ్రమించాడు. అయినా ఆశ చావలేదు. మరల విశ్వవిద్యాలయానికి వెళ్ళి, తోడివారు పాఠాలు చదివి వినిపించగా, 1904లో విద్యుత్ ఇంజనీరింగు పట్టం పుచ్చుకున్నాడు. అప్పటికి అతని వయస్సు 27 సంవత్సరాలు. పట్టభద్రుడగుటకు అది ఆలస్యమే. కంటిచూపు, ఆర్థికస్థితి అడ్డువచ్చి చదువు సాగదేమోనని దిగులుపడే విద్యార్థులు మన కళాశాలలోను లేకపోలేదు.

డేటన్ నగరంలో నగదు యంత్రాలు చేసే సంస్థలో ఉద్యోగం లభించింది. అక్కడ చేతిపిడికి బదులు చిన్న విద్యుత్ మోటారుతో నడిచే నగదు యంత్రాన్ని నిర్మించాడు. 1909లో ఆ కొలువు విడిచి, మిత్రుడు ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనుకనున్న కొట్టంలో కార్లకు పనికివచ్చే జ్వలన పద్ధతిని సిద్ధం చేశాడు. అందుండి వెలసిన సంస్థయే డెల్కో. దాని పరికరాన్ని 1910 నాటి కాడిలాక్ కార్లలో అమర్చారు.

కాలక్రమాన స్థిరపడిన ఆ పద్ధతి ఇది. బ్యాటరీ విద్యుత్తు కాయిల్‌లోని తక్కువచుట్ల తీగలో ప్రవహిస్తూ ఉండగా, తిరిగే కామ్ పాయింట్లను విడదీస్తుంది. ప్రవాహం హఠాత్తుగా ఆగుటచే అయస్కాంత క్షేత్రం కూలి, ఎక్కువచుట్ల తీగలో వేల వోల్టుల పీడనం పుడుతుంది. దానిని రోటరు వరుసక్రమాన ఒక్కొక్క ప్లగ్గుకు పంచుతుంది. చూచుటకు సులభమే, కాని అంతయు క్షణంలో వేయవవంతుతో ముడిపడిన వ్యవహారం.

కామ్‌ను రాచుకొనే ఫైబర్ ముక్క అరిగితే పాయింట్ల ఎడం తగ్గుతుంది. అవి ఆలస్యంగా విడివడి రవ్వ వెనుకబడుతుంది. బలం తగ్గి ఇంజను వేడెక్కుతుంది. ఎడం ఎక్కువైతే రవ్వ ముందుగా వచ్చి, భారం పడినపుడు ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. కనుకనే ముందు ఎడం సరిచేసి, తరువాతనే టైమింగు చూడాలి. ఆ వరుస తప్పితే చేసిన పని వ్యర్థం. పాయింట్లు తరచు మాడిపోతుంటే వాటిని మార్చుకుంటూ పోవడం అవివేకం, అనుమానించవలసినది కండెన్సరును. మూతలో సన్నని చీలిక ఉంటే తేమనాడే బాధ పెడుతుంది, ఎండ కాస్తే ఏమీ తెలియదు.

టైమింగు తప్పితే ఆనాడు చేతులే విరిగేవి. హ్యాండిల్ త్రిప్పి ఇంజనును లేపే రోజులలో రవ్వ ముందుగా పడితే హ్యాండిల్ వెనుకకు తన్నేది. కెట్టరింగ్ 1911లో విద్యుత్ స్టార్టరును రూపొందించి ఈ ప్రమాదాన్ని తొలగించాడు. అంత చిన్న మోటారు కారు ఇంజనును త్రిప్పలేదని నిపుణులు భావించారు. నగదు యంత్రపు అనుభవం ఇతనికి అక్కరకు వచ్చింది: కొన్ని క్షణాలు మాత్రమే పనిచేసే మోటారుపై దాని శక్తికి మించిన భారం వేయవచ్చును. 1912 నాటి కాడిలాక్ కార్లు స్టార్టరుతోనే వెలువడినవి.

ఇక అతని చరిత్రలోని చీకటి అధ్యాయం. దీనిని దాచి జీవితం చెప్పడం న్యాయం కాదు. ఇంజను కొట్టుకొనుటకు డెల్కో జ్వలనమే కారణమని నిందలు వచ్చినవి. కెట్టరింగ్, అతని సహాయకుడు థామస్ మిడ్జ్‌లీ పరిశోధించి, దోషం ప్రధానంగా పెట్రోలుదేనని తేల్చారు. మద్యసారం కలిపినా ఆ దోషం తగ్గుతుందని వారి ప్రయోగాలే చూపినవి. కాని 1921 డిసెంబరులో సీస సమ్మేళనపు గుణం బయటపడగా, దానినే ఎంచుకున్నారు. సీసం విషమని వైద్యులకు అప్పటికే తెలుసు. 1924లో న్యూజెర్సీలోని బేవే కర్మాగారంలో ఐదుగురు కార్మికులు ఆ విషం వలన మరణించారు. ఆ సమ్మేళనాన్ని విక్రయించే సంస్థకు అప్పటి అధ్యక్షుడు కెట్టరింగే. మన దేశంలో సీసపు పెట్రోలు 2000లో నిలిచిపోయింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో విడిచింది. తనమీద పడిన నిందను తొలగించుకొన్న మేధావి ఇంత పెద్ద నిందకు తావిచ్చుట విచారకరం.

జనరల్ మోటార్స్ పరిశోధన శాఖకు 1920 నుండి 1947 వరకు అతడే అధిపతి. రైలింజనులకు ఉపకరించిన తేలికపాటి డీజిల్ యంత్రాలు ఆ శాఖ కృషిఫలమే. 1945లో న్యూయార్కులో నెలకొల్పిన కేన్సర్ పరిశోధనా సంస్థకు స్లోన్ పేరుతోపాటు కెట్టరింగ్ పేరును చేర్చారు. 1958 నవంబరు 25న డేటన్‌లో మరణించాడు. ఎలక్ట్రానిక్ పద్ధతులు వచ్చి పాయింట్లు కొత్త కార్లనుండి మాయమైనవి గాని, ఫ్రెంచి, స్పానిష్ భాషలలో డిస్ట్రిబ్యూటర్‌కు వాడుక పేరు డెల్కోయే.