వాల్టర్ ఇలియట్

సర్ వాల్టర్ ఇలియట్ (జనవరి 16, 1803 - మార్చి 1, 1887) ఈస్టిండియా కంపెనీ పాలనలో మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన ఉన్నతోద్యోగి. దక్షిణ భారత నాణెముల అధ్యయనమునకు పునాది వేసిన పండితులలో ఈయన ఒకడు. ఉత్తర సర్కారులకు కమీషనరుగా పనిచేసిన కాలములో తెలుగు దేశపు శిల్పములను, శాసనములను, చెట్ల పేర్లను, నాణెములను సేకరించాడు. అమరావతి స్తూపమునుండి లండను చేరిన శిల్పములకు చాలాకాలము ఇలియట్ మార్బుల్స్ అనే పేరు ఉండేది. చూపు దాదాపుగా పోయిన వృద్ధాప్యములో వెలువరించిన "కాయిన్స్ ఆఫ్ సదరన్ ఇండియా" (1886) ఈయన రచనలలో ముఖ్యమైనది.

== బాల్యము, విద్య ==
ఇలియట్ స్కాట్లాండులోని ఎడింబరో నగరములో జన్మించాడు. తండ్రి జేమ్స్ ఇలియట్. వీరి కుటుంబ ఎస్టేటు రాక్స్‌బరోషైర్‌లోని వుల్ఫ్‌లీ. కంపెనీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే హైలీబరీ కళాశాలలో చదివి, 1821లో మద్రాసు చేరాడు. అక్కడి ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో తమిళము, హిందూస్తానీ భాషలలో చూపిన ప్రతిభకు వేయి వరహాలు బహుమతిగా పొందాడు. మద్రాసు ప్రభుత్వము 1818లోనే వరహా లెక్కను మాని రూపాయిని ప్రమాణముగా తీసుకొన్నది. ఒక వరహాకు మూడున్నర రూపాయలు కట్టారు. ఆ విధముగా వ్యవహారమునుండి తప్పుకొంటున్న వరహాయే తరువాతి కాలములో ఈయన అధ్యయనమునకు ముఖ్య విషయమైనది.

== ఉద్యోగ జీవితము ==
మొదట సేలములో సహాయక అధికారిగా పనిచేసి, అటుపై దక్షిణ మరాఠా దేశమునకు బదిలీ అయ్యాడు. 1824 అక్టోబరులో కిత్తూరు రాణి చెన్నమ్మ సైన్యము కంపెనీ సేనను ఓడించినపుడు ధార్వాడ కలెక్టరు థాకరే మరణించాడు. ఇలియట్, స్టీవెన్సన్ అనే మరొక అధికారి రాణికి బందీలుగా చిక్కారు. కొన్ని వారాల తరువాత వీరిని ప్రాణహాని లేకుండా విడిచిపెట్టారు.

1833 వరకు ఆ ప్రాంతముననే ఉండి, గుడులలోను, పొలములలోను నిలిచియున్న రాతి శాసనములకు నకళ్ళు వ్రాయించాడు. అట్లు కూర్చిన 595 శాసనముల సంపుటికి "కర్ణాటక దేశ ఇన్‌స్క్రిప్షన్స్" అని పేరు. వీటి ఆధారముగా 1837లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించిన వ్యాసము చాళుక్య వంశ చరిత్ర రచనకు తొలిమెట్లలో ఒకటి.

సెలవు ముగించుకొని 1836లో తిరిగివచ్చి, మద్రాసు గవర్నరు, తన బంధువు అయిన లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌కు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేశాడు. 1839లో మాల్టా ద్వీపములో మరియా డొరొతియా హంటర్ బ్లెయిర్‌ను వివాహమాడాడు.

== ఉత్తర సర్కారులలో ==
గుంటూరు జిల్లా పాలన అస్తవ్యస్తమై, శిస్తు బకాయిలు పేరుకొనగా, విచారణకై 1845లో ప్రభుత్వము ఇలియట్‌ను పంపింది. ఆ పనిని కంపెనీ డైరెక్టర్లు మెచ్చుకొన్నారు. తరువాత 1854 వరకు ఉత్తర సర్కారుల కమీషనరుగా ఉన్నాడు. ఉత్తర సర్కారులు అనగా గుంటూరు మొదలు గంజాం వరకు గల కోస్తా సీమ.

1845లోనే అమరావతి దిబ్బలో త్రవ్వకములు జరిపించి, అనేక శిల్పఫలకములను మద్రాసుకు పంపాడు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకు, వానకు ఉండి కొంత దెబ్బతిన్నాయి. 1858లో లిన్నేయస్ ట్రైప్ వాటిని ఛాయాచిత్రములుగా తీశాడు. 1859లో 121 ఫలకములు ఓడలో లండను చేరాయి. అక్కడ కూడా కొన్నేళ్ళు మూలబడియుండగా, జేమ్స్ ఫెర్గూసన్ 1860 దశకములో వాటిని గుర్తించి, 1868లో తన గ్రంథములో వివరించాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియమునకు చేరాయి.

1859లో మద్రాసులో ప్రచురించిన "ఫ్లోరా ఆంధ్రికా" ఈ ఉద్యోగ కాలపు ఫలితమే. ఉత్తర సర్కారులలో సామాన్యముగా కనిపించే మొక్కల తెలుగు పేర్లకు వృక్షశాస్త్ర నామములను జతపరచిన పట్టిక ఇది. చార్లెస్ డార్విన్ పెంపుడు పావురములపై పరిశోధన చేస్తున్న రోజులలో ఇలియట్ ఈ దేశపు పక్షుల చర్మములను ఆయనకు పంపాడు.

1854లో మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడై, 1860లో పదవీ విరమణ చేసి స్వదేశమునకు వెళ్ళాడు.

== నాణెముల సేకరణ ==
ఇలియట్‌కు ముందు కర్నల్ కాలిన్ మెకంజీ దక్షిణాదిన శాసనములు, కైఫీయతులతో పాటు నాణెములను కూడా సేకరించాడు. అయితే ఏ నాణెము ఏ వంశమునకు చెందినదో తేల్చుటకు అప్పట్లో ఆధారములు తక్కువ. దక్షిణాది పాత బంగారు నాణెములు పలువాటిపై రాజు పేరుగాని, సంవత్సరముగాని ఉండదు. ఒక పంది, ఒక సింహము, ఒక పద్మము మాత్రమే ఉంటుంది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని పూర్తిగా చదివిన తరువాతనే సాతవాహనుల నాణెములపై అక్షరములను పోల్చుకొనుట సాధ్యమైనది.

ఇలియట్ శాసనములను, నాణెములను కలిపి చదివాడు. రాగి శాసనము ముద్రపై ఉన్న వరాహ లాంఛనమే నాణెముపై కూడ కనబడినపుడు అది చాళుక్యులదని చెప్పవచ్చును. వరహా అనే పేరుకు మూలము ఈ వరాహమే. ఒక వరహా తూకము సుమారు 3.4 గ్రాములు. అందులో పదవ వంతు పణము. వేలిగోటికంటె చిన్నదైన ఈ పణముపై గుర్తులను చదువుటకు భూతద్దము కావలసినదే.

తన పరిశీలనలను 1850 దశకము చివర "న్యూమిస్మాటిక్ గ్లీనింగ్స్" పేరుతో మద్రాసు లిటరేచర్ అండ్ సైన్స్ పత్రికలో ప్రకటించాడు. రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ గల సీసపు నాణెములు కోరమాండల్ తీరమున దొరుకుట గమనించి, అవి సముద్ర వర్తకమునకు సాక్ష్యమని గుర్తించాడు.

ఆ కాలమున పొలములో బంగారు నాణెములు దొరికినవాడు వాటిని గుట్టుగా కంసాలి మూసలో కరిగించుట పరిపాటి. దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటినచో కలెక్టరుకు తెలుపవలెనను చట్టము 1878లో గాని రాలేదు. అందుచేత ఇలియట్ వంటి వారి చేతికి రాని నాణెములు ఎన్నో నగలుగా మారిపోయాయి. సేకరించినవాడు వాటిని కాపాడాడు. కాని తనతో దేశము దాటించాడు. ఈ రెండును నిజమే. ఈయన నాణెములు పలు బ్రిటిష్ మ్యూజియములో ఉన్నాయి.

== కాయిన్స్ ఆఫ్ సదరన్ ఇండియా ==
పదవీ విరమణ తరువాత ఇలియట్ వుల్ఫ్‌లీలో స్థిరపడ్డాడు. చివరి సంవత్సరములలో కంటిచూపు దాదాపుగా పోయింది. నాణెములను చదివేవానికి ఇంతకంటె పెద్ద లోపము లేదు. అయినను నలువది ఏళ్ళకు పైగా గడించిన జ్ఞానము వృథా కాకుండ ఈ గ్రంథమును పూర్తిచేశాడు. ఇది "ఇంటర్నేషనల్ న్యూమిస్మాటా ఓరియంటాలియా" అనే గ్రంథమాలలో భాగముగా లండనులో వెలువడింది.

ముద్రాంకిత వెండి నాణెములతో మొదలుపెట్టి ఆంధ్ర, పల్లవ, చాళుక్య, కదంబ, చోళ, పాండ్య, చేర, విజయనగర నాణెములను వంశముల వారీగా ఇందులో అమర్చాడు. దక్షిణాది నాణెములన్నిటిని ఒక క్రమములో చూపిన తొలి గ్రంథములలో ఇది ఒకటి.

ఈయన నిర్ణయములన్నీ నిలువలేదు. ఓడ గుర్తు గల నాణెములను ఇలియట్ పల్లవులకు, కురుంబులకు చేర్చాడు. వాటిలో కొన్ని పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర్లతో ఉన్న సాతవాహన నాణెములని తరువాత తేలింది. ఈ.జె. రాప్సన్ 1908లో బ్రిటిష్ మ్యూజియము కొరకు వ్రాసిన ఆంధ్ర నాణెముల పట్టిక ఈ విషయమున ప్రామాణికము. నాణెము బొమ్మను, దొరికిన తావును ఇలియట్ వ్రాసి ఉంచుటవలన, తరువాతి వారు ఆయన పొరపాటును ఆయన గ్రంథముతోనే సరిదిద్దుకొనగలిగారు.

== నౌపడ ప్రాంతము, కళింగ నాణెములు ==
నేటి శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ, టెక్కలి ప్రాంతములు ఇలియట్ కాలములో గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు ఇవి విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళం జిల్లా భాగములైనాయి. ఉప్పు మడులకు పేరుపొందిన నౌపడనుండి 1900లో పర్లాకిమిడికి చిన్న రైలుమార్గము వేశారు.

ఈ సీమను ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమే నేటి ముఖలింగమని గుర్తించినవాడు గిడుగు రామమూర్తి. గాంగుల బంగారు పణములపై ఒకవైపు పరుండిన నంది, మరొకవైపు రాజ్య సంవత్సరమును తెలిపే అంకెలు ఉంటాయి. రాజు పేరు లేకపోయినా, శాసనములలోని సంవత్సరములతో పోల్చి కాలము నిర్ణయిస్తారు. శాసనమును, నాణెమును పక్కపక్కన పెట్టి చదివే ఈ పద్ధతి ఇలియట్ అనుసరించినదే.

== నేటి సేకరణతో పోలిక ==
నేడు నాణెముల సేకరణ ప్రపంచవ్యాప్తముగా ఒక పోటీగా కూడ సాగుతున్నది. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో ప్రతిపాదించిన కొలమానము ఆధారముగా నాణెము స్థితికి 1 నుండి 70 వరకు మార్కులు వేస్తారు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ సంస్థలు మొదలై, నాణెమును పరీక్షించి, మార్కు వేసి, ప్లాస్టికు పెట్టెలో ముద్రవేసి ఇస్తున్నాయి. ఒక వరుసలోని నాణెములన్నిటిని సమకూర్చినవారు వాటిని ఈ సంస్థల ఆన్‌లైన్ పట్టికలలో నమోదు చేసి, పూర్తి అయిన శాతమును బట్టి, మార్కులను బట్టి స్థానముల కొరకు పోటీపడతారు.

ఇలియట్ కాలములో ఏ వరుసలో ఎన్ని నాణెములు ఉండవలెనో తెలియదు. ఆ పట్టికనే ఆయన తయారుచేయవలసి వచ్చింది. అరిగిపోయిన నాణెమునకు నేటి పోటీలో తక్కువ మార్కులు వస్తాయి. కాని రాజు పేరులో ఒక్క అక్షరము మిగిలినను చరిత్రకారునికి అది చాలు. దొరికిన చోటు నమోదు కాని మెరిసే నాణెము చెప్పగలిగేది తక్కువ. పాత నాణెమును చింతపండుతో తోమి మెరుగు పెట్టరాదని మాత్రము ఇద్దరూ అంగీకరిస్తారు.

భారతదేశములో 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేళ్ళు దాటిన నాణెము పురావస్తువు. దానిని వ్యక్తులు విదేశములకు తీసుకొనిపోరాదు. ఇలియట్ సేకరణ నేడైతే దేశము దాటి ఉండేది కాదు.

== గౌరవములు, మరణము ==
1866లో కె.సి.ఎస్.ఐ. బిరుదు, 1878లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1882లో ఎడింబరో విశ్వవిద్యాలయపు గౌరవ డాక్టరేటు పొందాడు. దక్షిణ భారతములోని ఒక జాతి చెట్టు ష్రూ జంతువునకు శాస్త్రజ్ఞులు ఈయన పేరుమీద అనథానా ఎలియోటి అని నామకరణము చేశారు. మార్చి 1, 1887న వుల్ఫ్‌లీలో మరణించాడు.

== ముఖ్య రచనలు ==
* హిందూ ఇన్‌స్క్రిప్షన్స్ (వ్యాసము, 1837)
* న్యూమిస్మాటిక్ గ్లీనింగ్స్ (వ్యాసములు, 1850 దశకము)
* ఫ్లోరా ఆంధ్రికా (1859)
* కాయిన్స్ ఆఫ్ సదరన్ ఇండియా (1886)