కుంచం క్రింద దాచని దీపం

ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళున్న వారిలో చాలామంది మొదట నేర్చుకొన్న కంప్యూటరు భాష బేసిక్. దానిని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన జాన్ కెమెనీ జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాను. ఆయన మన మతస్థుడు కాకపోయినా, ఆయన బ్రతుకులో మనం నేర్చుకోదగినది ఉంది.

కెమెనీ 1926లో బుడాపెస్టులో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. నాజీల భయంతో ఆ కుటుంబం 1940లో అమెరికా చేరుకొంది. ఊరు విడిచి రానన్న తాతగారు మారణకాండకు బలియైపోయారు. కెమెనీ ప్రిన్‌స్టన్‌లో గణితం చదివి, ఐన్‌స్టీన్‌కు గణిత సహాయకులుగా పనిచేసి, 1949లో డాక్టరేటు పొందారు. కొంతకాలం తత్త్వశాస్త్రం బోధించి, 1953లో డార్ట్‌మత్ కళాశాలలో చేరారు.

ఆ రోజులలో కంప్యూటరు కొద్దిమంది శాస్త్రజ్ఞుల సొత్తు. చరిత్ర, సాహిత్యం చదివే విద్యార్థికి ఆ గది తలుపులు మూసే ఉండేవి. కెమెనీ, ఆయన సహచరుడు థామస్ కర్ట్జ్ ఆ తలుపులు తెరిచారు. మామూలు ఇంగ్లీషు మాటలు కొన్నింటితోనే యంత్రాన్ని నడిపించే బేసిక్, 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు తొలిసారి పనిచేసింది. గ్రంథాలయంలో పుస్తకం తీసినంత స్వేచ్ఛగా విద్యార్థులందరూ దానిని వాడుకొన్నారు.

తర్వాత ఏమైందో గమనించండి. 1975లో బిల్ గేట్స్, పాల్ అలెన్ ఆల్టెయిర్ అనే చిన్న యంత్రం కోసం బేసిక్‌ను కుదించి వ్రాశారు. ఆపైన ప్రతి కంపెనీ తనదొక బేసిక్ తయారుచేసింది. ఒకదానిలో బొమ్మ గీసే ఆజ్ఞ మరొకదానికి అర్థం కాదు. మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ పథకంలో పాఠశాలలకు వచ్చిన బీబీసీ మైక్రోలో ఒక రకం, తర్వాత వచ్చిన పీసీలలో జీడబ్ల్యూ బేసిక్ మరో రకం. బాబెలు గోపురం కథే మళ్ళీ జరిగింది! ఇవన్నీ వీధి బేసిక్‌లని కెమెనీ బాధపడ్డారు. గజిబిజిగా వ్రాసే అలవాటు పిల్లలకు పడుతుందని ఆయన దిగులు.

అయితే, డార్ట్‌మత్ చేరలేని ఇండ్లకు బేసిక్‌ను చేర్చినవి ఆ కురచ రూపాలే. బిడ్డను లోకంలోకి పంపిన తండ్రికి తప్పని పరీక్ష ఇది. కెమెనీ అలిగి కూర్చోలేదు. 1985లో కర్ట్జ్‌తో కలిసి, వేర్వేరు యంత్రాలపై ఒకే తీరుగా నడిచే ట్రూ బేసిక్‌ను తెచ్చారు. వరుస సంఖ్యలు లేకుండానే చక్కగా వ్రాయగల భాష అది. కాని అంగడిలో అది గెలవలేదు.

1970 నుండి 1981 వరకు ఆయన కళాశాల అధ్యక్షులు. 1972లో అక్కడ స్త్రీలకు ప్రవేశం కల్పించారు. అంత పదవిలోనూ తరగతిగదిని వదలలేదు. 1992 డిసెంబరు 26న కన్నుమూశారు.

మన సంఘానికీ ఇందులో సాక్ష్యముంది. సిస్టర్ మేరీ కెన్నెత్ కెల్లర్ అనే కన్యాస్త్రీ 1965లో కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు పొంది, క్లార్క్ కళాశాలలో ఆ శాఖను స్థాపించి, అందరికీ నేర్పారు.

కాబట్టి తల్లిదండ్రులారా, యువతీయువకులారా! మీకు తెలిసినదానిని తెలియనివారికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. వారు దానిని మీ అంత చక్కగా వాడకపోవచ్చు, మీ పేరు మరచిపోవచ్చు. అయినా చెప్పండి. దీపం వెలిగించేది ఇంటిలోని వారందరి కోసమే కదా!