తువాంకు ఇమామ్ బోంజోల్

సుమత్రా ద్వీపపు పశ్చిమభాగమున, కొండల నడుమ మినాంగ్‌కబావ్ జాతివారు నివసింతురు. వారు ముస్లిములు, అయినను వంశపు ఇల్లును పొలమును తల్లినుండి కూతులకే సంక్రమించును. ఇంటికి పెద్ద మేనమామ. ఈ పూర్వాచారమును వారు ‘ఆదాత్’ అందురు. ఆదాతునకును షరియతునకును నడుమ రేగిన కలహమున నాయకుడై, తుదకు సంధికర్తయైనవాడు తువాంకు ఇమామ్ బోంజోల్.

ఆయన 1772లో జన్మించెను. 1803లో ముగ్గురు హాజీలు మక్కానుండి స్వదేశమునకు మరలివచ్చిరి. అరేబియాలోని వహాబీల సంస్కరణోద్యమము వారి మనస్సుల నాకర్షించియుండెను. తమ ఊళ్లలోని కోడిపందెములు, జూదము, కల్లు, తాంబూలము వారికి సహింపరానివయ్యెను. వారి అనుచరులను ‘పదరీలు’ అనిరి. పదరీలు తెల్లని దుస్తులు ధరించి, నమాజును నిర్బంధము చేసి, ఎదిరించిన గ్రామములను తగులబెట్టిరి. బోంజోల్ కోటకు అధిపతియైన ఇమాము ఈ పక్షమున ప్రముఖుడయ్యెను. 1821లో ఆదాతు పెద్దలు కొందరు డచ్చివారి శరణుజొచ్చి, దేశాధికారమును వారికి ధారపోసిరి.

యుద్ధము సాగుచుండగనే ఇమామునకు ఒక సందేహము పుట్టెను. తాము అమలుపరచుచున్నది నిజముగా ధర్మశాస్త్రమేనా? తెలిసికొనుటకై ఆయన మక్కాకు దూతలను పంపెను. అచట వహాబీల అధికారము అంతరించినదనియు, వారి శాసనములు చెల్లుట లేదనియు దూతలు వచ్చి చెప్పిరి. ఖడ్గము చేతనున్న నాయకునకు ఇట్టి వార్తను అంగీకరించుట సులభము కాదు. ఇమాము సభ కూర్చి, కొల్లగొన్న సొత్తును సొంతదారులకు మరల నిప్పించెను. లౌకికాధికారమును ఆదాతు పెద్దలకు వదలి, ధర్మవిషయములను పండితులకు నియమించెను. 1833లో ఉభయపక్షములవారును ఏకమై డచ్చివారిపై తిరుగబడిరి.

ఐకమత్యము ఆలస్యముగా వచ్చెను. 1837 ఆగస్టులో బోంజోల్ కోట కూలెను. బందీయైన ఇమామును డచ్చివారు జావాకును, అంబోన్‌కును, తుదకు సులావేసీలోని మనాడో ప్రాంతమునకును పంపిరి. తన వర్గమువారి దౌర్జన్యములను సైతము మరుగుపరుపక ఆయన స్మృతులు రచించెను. 1864లో ఆ పరదేశముననే కన్నుమూసెను. 1973లో ఇండొనేషియా ప్రభుత్వము ఆయనను జాతీయవీరునిగా ప్రకటించెను.

ఆచారమునకు షరియతు పునాది, షరియతునకు ఖురాను పునాది యనునది నేడు మినాంగ్‌కబావ్ వారి జీవనసూత్రము. స్వార్జితమును షరియతు ననుసరించి పంచుకొందురు. వంశపు పొలము మాత్రము నేటికిని ఆడుబిడ్డలదే.