కూర కాదు, కర్రీ

క్లాసులో కర్రీయింగ్ అనే మాట రాగానే వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. ఆయన హాస్కెల్ బ్రూక్స్ కర్రీ.

1900 సెప్టెంబర్ 12న అమెరికాలోని మిల్లిస్ అనే ఊళ్లో పుట్టారు. డాక్టర్ అవుదామని 1916లో హార్వర్డ్‌లో చేరి లెక్కల వైపు మళ్లారు. మధ్యలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, ఫిజిక్స్ కూడా చదివారు. చివరికి జర్మనీలోని గోటింగెన్‌లో హిల్బర్ట్ దగ్గర 1930లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. 1929 నుంచి 1966 దాకా పెన్సిల్వేనియా స్టేట్‌లో పాఠాలు చెప్పారు.

ఆయన లాజిక్‌లో అన్నీ ఫంక్షన్లే. ఏ ఫంక్షన్‌కి ఏదైనా ఇవ్వొచ్చు, ఆఖరికి దాన్నే దానికి కూడా ఇవ్వొచ్చు. ఆ స్వేచ్ఛే కొంప ముంచింది. 1935లో క్లీనీ, రోసర్ ఆ లాజిక్‌లో వైరుధ్యం ఉందని నిరూపించారు. అలాంటి చోట అబద్ధం కూడా రుజువైపోతుంది! కర్రీ మాత్రం పని వదల్లేదు. ఆ తప్పు ఎక్కడ పుడుతుందో వెతికి, 1942లో ఇంకా చిన్న దారిలో చూపించారు. దాన్నే ఇప్పుడు కర్రీ పారడాక్స్ అంటారు.

ఫంక్షన్ ఎలాంటిది తీసుకుంటుంది, ఎలాంటిది ఇస్తుంది అని ముందే రాసి పెట్టే పద్ధతి ఆయన 1934 పేపర్‌లోనే ఉంది. మనం టైప్ అనేది దాన్నే. జత కుదరకపోతే కలపనివ్వదు. 1978లో మిల్నర్ ఈ దారిలోనే ఎంఎల్ భాషకి టైపుల్ని కంపైలరే కనిపెట్టే పద్ధతి ఇచ్చారు.

దీని విలువ మహమ్మద్‌నగర్ రైతు పొలం కాగితంలో చూడండి. 5.20 అంటే 5 ఎకరాల 20 గుంటలు. దానికి 2.30 కలిపితే మామూలు కోడ్ 7.50 అంటుంది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అసలు జవాబు 8 ఎకరాల 10 గుంటలు. ఆ 7.50ని ఏడున్నర ఎకరాలని చదివితే 30 గుంటలు గల్లంతే. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం ఆగదు. అదే విస్తీర్ణానికి వేరే టైప్ పెట్టి, దానికి తగ్గ కూడిక రాస్తే, ఉత్త దశాంశంలా కలపబోయినప్పుడు కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. రైతు దాకా రానివ్వదు.

కర్రీ 1982 సెప్టెంబర్ 1న చనిపోయారు. 1990లో వచ్చిన హాస్కెల్ భాషకి ఆయన పేరే పెట్టారు. అందులో విస్తీర్ణానికి వేరే టైప్ పెట్టాలంటే ఒక్క లైను చాలు.